ఎర్ర లైటు ఆరితే టీవీ పోయినట్టేనా

మా మావయ్య టీవీ మెకానిక్. అమ్మకి సొంత తమ్ముడు. మా అపార్ట్‌మెంట్‌కి ఎదుటి వరసలో మెట్ల కింద ఒక గది అద్దెకి తీసుకుని ఇరవై ఆరేళ్లుగా అక్కడే కూర్చుంటున్నాడు. ఆ గదిలో నిటారుగా నిలబడితే మెట్లు తలకి కొట్టుకుంటాయి. అందుకని వచ్చినవాళ్లు లోపలికి వెళ్లకుండా గుమ్మంలోంచే "ప్లగ్గు మావా" అని పిలుస్తారు. పిల్లలే కాదు, పెద్దవాళ్లూ అలాగే పిలుస్తారు. ఆ పేరెలా వచ్చిందో ముందు చెప్పాలి. లేకపోతే మొన్న మా బిల్డింగ్‌లో ఆయనకి జరిగిన అన్యాయం ఎంత దుర్మార్గమో మీకు అర్థం కాదు.

టీవీ ఆన్ కావడం లేదని ఎవరు ఫోన్ చేసినా మావయ్య స్క్రూడ్రైవర్ పట్టుకుని పరుగెత్తడు. "ఒక్కసారి ప్లగ్గు తీసి మళ్లీ పెట్టి చూడండి" అంటాడు. అవతలివాళ్లకి ఒళ్లు మండుతుంది. మేమంత తెలివితక్కువగా కనిపిస్తున్నామా అంటారు. రెండు నిమిషాల తర్వాత వాళ్లలో సగం మంది మళ్లీ ఫోన్ చేసి, గొంతు బాగా తగ్గించి, "వచ్చిందండీ" అని పెట్టేస్తారు. ఒక ఇంట్లోనైతే టీవీ వైరనుకుని ఇస్త్రీపెట్టె వైరు గుచ్చి అరగంట సేపు రిమోట్ నొక్కుతూ కూర్చున్నారు. టీవీ రాలేదు గానీ సోఫా మీది దుప్పటికి పెద్ద చిల్లు పడింది. అక్కడికి వెళ్లొచ్చాక కూడా మావయ్య ఆ ఇల్లు ఏదో ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఎంత గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేదు. అలాంటి మనిషి.

ఇంటికి వెళ్లినా ఆయనకో వరస ఉంటుంది. సంచీలోంచి బల్బు హోల్డరు తీసి ముందు గోడ సాకెట్లో కరెంటు ఉందో లేదో చూస్తాడు. తర్వాత వైరు. తర్వాత రిమోట్. రిమోట్‌ని ఫోన్ కెమెరాకి ఎదురుగా పెట్టి నొక్కుతాడు. కంటికి కనపడని వెలుగు ఫోన్లో చిన్న చుక్కలా మెరుస్తుంది. మెరిస్తే రిమోట్ మంచిదే. ఆ తర్వాత టీవీ ఎదురుగా కూర్చుని ప్రశ్నలు మొదలుపెడతాడు. చివరిసారి ఎప్పుడు చూశారు, అప్పుడు వర్షం పడుతోందా, చిటపటమని చప్పుడేమైనా వచ్చిందా, ఇంట్లో ఈ మధ్య ఏమైనా కొత్తగా కొన్నారా. విప్పడం అన్నింటికన్నా ఆఖరి పని. "సగం జబ్బులు విప్పకముందే మనుషులు చెప్పేస్తారమ్మడూ, మనం ఓపిగ్గా అడగాలి అంతే" అంటాడు నాతో. నేను నాలుగేళ్లు ఎలక్ట్రానిక్స్ చదివాను. ఈ మాట నాకు అక్కడెవరూ చెప్పలేదు.

పోయిన శనివారం పొద్దున పాల ప్యాకెట్లు తేవడానికి కిందికి వెళ్లిన అమ్మ, ఖాళీ చేతులతో పైకి వచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది.

"లిఫ్టులో ఏం అంటించారో చూసి రా" అంది.

వెళ్లి చూశాను. కంప్యూటర్లో లావు అక్షరాలతో కొట్టించిన కాగితం. బయటి మెకానిక్ నిర్లక్ష్యం వల్ల 304లో టీవీ పూర్తిగా పాడైపోయిందనీ, ఇకపై కంపెనీ మనుషులని తప్ప బయటి రిపేరువాళ్లెవరినీ గేటు లోపలికి రానివ్వకూడదనీ, ఆదివారం పదకొండు గంటలకి మీటింగులో తీర్మానం చేస్తామనీ ఉంది. కింద సెక్రటరీ సంతకం. పేరు రాయలేదు. రాయకపోతే ఏం, మా నలభై ఎనిమిది ఇళ్లకీ వచ్చే బయటి మెకానిక్ ఒక్కడే.

అంతటితో ఆగలేదు. ఈ వీధిలో మాలాంటి బిల్డింగ్‌లు నాలుగున్నాయి. నాలుగింటికీ కలిపి సెక్రటరీల గ్రూపు ఒకటుంది. అందులో కూడా ఆ కాగితం ఫోటో పెట్టేశారు. మావయ్య పనిలో ముప్పావు వంతు ఈ నాలుగు బిల్డింగ్‌ల నుంచే వస్తుంది. ఒక గేటు మూసుకుంటే మిగతా మూడూ మూసుకుంటాయి. ఇక ఆ మెట్ల కింద కూర్చుని ఆయన ఎవరి కోసం ఎదురుచూడాలి?

304లో ఉండేది రిటైరైన హెడ్మిస్ట్రెస్. అందరం హెడ్‌మేడమ్ అంటాం. ఆవిడా, ఆవిడ భర్తా, ఇద్దరే. పెద్దాయనకి చెవుడు. టీవీ సౌండ్ ఆకాశాన్ని అంటేలా పెట్టి పెట్టి ఒక స్పీకర్ చిరిగిపోతే, రెండు వారాల కింద మావయ్యే వెళ్లి మార్చాడు. అది వాస్తవం. ఆ తర్వాత పది రోజులు టీవీ బ్రహ్మాండంగా పనిచేసింది. అది కూడా వాస్తవమే, కానీ కాగితంలో లేదు. నాలుగు రోజుల కింద టీవీ ఆన్ కావడం మానేసింది. మేడమ్ కంపెనీకి ఫోన్ చేసింది. యూనిఫాం వేసుకున్న ఒక కుర్రాడు వచ్చాడు. వాచ్‌మన్ రిజిస్టర్లో రాసిన దాని ప్రకారం అతను లోపలికి వెళ్లిన టైముకీ బయటికి వచ్చిన టైముకీ మధ్య తొమ్మిది నిమిషాలు. అందులో లిఫ్టు కోసం నిలబడిందీ, మేడమ్ ఇచ్చిన కాఫీ తాగిందీ కూడా కలిసే ఉన్నాయి. వెనకాల సీలు స్టిక్కరు చిరిగి ఉండటం చూసి, "ఎవడో లోకల్ వాడు విప్పాడు మేడమ్, మెయిన్ బోర్డు కాల్చేశాడు, ఇది ఇక పనికిరాదు, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకోండి" అని కాగితం రాసిచ్చి వెళ్లాడు. స్క్రూ ఒక్కటి కూడా తిప్పలేదు. విప్పకుండానే లోపల బోర్డు కాలిందని అతనికెలా తెలిసింది? వాసన పట్టాడా?

ఆ యూనిఫాం చూస్తే చాలు, మనవాళ్లకి కళ్లు బైర్లు కమ్ముతాయి. చొక్కా జేబు మీద ఏదో గుర్తు కుట్టి ఉంటే దేవుడు దిగొచ్చినట్టే. ఇరవై ఆరేళ్లుగా ఇంట్లో మనిషిలా వచ్చిపోయేవాడు మాత్రం ఒక్క కాగితంతో 'ఎవడో లోకల్ వాడు' అయిపోతాడు.

మధ్యాహ్నం మావయ్య మా ఇంటికొచ్చాడు. అమ్మ కంచం ముందు పెట్టింది. ఆయన రెండు ముద్దలు తిని చేయి కడిగేసుకున్నాడు.

"ఒరేయ్, నోరు తెరిచి ఒక్క మాటైనా అనవేంరా. పద, ఆ సెక్రటరీ ఇంటికి వెళ్దాం. నేను మాట్లాడతా" అంది అమ్మ.

"టీవీ చూడకుండా ఏం మాట్లాడతానక్కా."

"నీ తప్పు లేదని చెప్పు."

"లేదని నాకేం తెలుసు? స్పీకర్ పెట్టేటప్పుడు ఏ వైరైనా నలిగిపోయిందేమో. బిగించేటప్పుడు స్క్రూ ఎక్కడైనా ఆనిందేమో. పొద్దుటి నుంచీ అదే ఆలోచిస్తున్నా. నావల్లే అయితే నేనే బాగుచేసిస్తా. కాకపోతే మాత్రం, ఆ కాగితం..." అని ఆగిపోయాడు.

నాకు కాలింది. తొమ్మిది నిమిషాల్లో తీర్పు చెప్పి వెళ్లినవాడు హాయిగా నిద్రపోతున్నాడు. పదిసార్లు ఆలోచించేవాడికి తిండి సహించడం లేదు.

ఆదివారం పొద్దున పదిన్నరకి అమ్మ మావయ్యని రెక్క పట్టుకుని 304కి తీసుకెళ్లింది. నేనూ వెనకాలే వెళ్లాను. హెడ్‌మేడమ్ తలుపు సగమే తెరిచింది.

"మళ్లీ ఎందుకొచ్చావయ్యా? ఇంకేం మిగిలిందని?"

"ఒకసారి టీవీ చూసి వెళ్తాను మేడమ్."

"చూసే పని లేదు. నువ్వు ఇక దాని మీద చేయి వెయ్యడానికి వీల్లేదు."

"వెయ్యను మేడమ్. మీరే నొక్కండి. నేను దూరంగా నిలబడి చూస్తా."

ఆవిడ అమ్మ వంక చూసింది. అమ్మ గుమ్మంలో నిలబడిన తీరు చూస్తే తలుపు వేయడం కుదరదని ఆవిడకి అర్థమైనట్టుంది. లోపలికి రమ్మంది.

హాల్లో గోడకి పెద్ద టీవీ. దానికి ఓ పక్కగా పడక్కుర్చీలో పెద్దాయన, నల్లకళ్లజోడు పెట్టుకుని, చేతిలో రిమోట్‌తో కూర్చుని ఉన్నారు. పది రోజుల కింద కంటి ఆపరేషన్ అయింది. మమ్మల్ని చూసి తల ఊపారు. మేడమ్ ఆయన చేతిలోంచి రిమోట్ లాక్కుని, పోయిన టీవీయే అయినా అలవాటు కొద్దీ ఆపే బటన్ నొక్కింది. మావయ్య టీవీకి నాలుగడుగుల దూరంలో ఆగి, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. బడిలో తప్పు చేసిన పిల్లాడిలా ఉన్నాడు. నాకు చూడబుద్ధి కాలేదు.

సరిగ్గా అప్పుడే సెక్రటరీ వచ్చాడు, మీటింగుకి మేడమ్‌ని పిలుద్దామని. మావయ్యని చూసి ఆగిపోయాడు.

"ఇతన్ని ఎవరు రానిచ్చారు?"

"తీర్మానం ఇంకా కాలేదుగా, అరగంట టైముంది" అంది అమ్మ. "అప్పటిదాకా మా తమ్ముడు మనిషే."

మావయ్య ఇవేవీ చెవికెక్కించుకోలేదు. టీవీ కింది అంచునే చూస్తున్నాడు.

"ఎర్ర లైటు ఉంది కదా మేడమ్."

"ఉంది. దాంతో ఏం లాభం?"

"ఇప్పుడు ఆన్ నొక్కండి."

ఆవిడ నొక్కింది. ఎర్ర లైటు ఆరిపోయింది. తెర నల్లగా అలాగే ఉంది. చప్పుడు లేదు.

"చూశావా? ఉన్న ఆ ఒక్క లైటు కూడా పోతోంది. నాలుగు రోజులుగా ఇదే వరస. ఆ కంపెనీ అబ్బాయి కూడా ఇదే చూశాడు."

"మళ్లీ నొక్కండి."

నొక్కింది. ఎర్ర లైటు వెలిగింది.

"మేడమ్, టీవీ బాగున్న రోజుల్లో, మీరు చూస్తున్నంతసేపూ ఆ ఎర్ర లైటు వెలుగుతూ ఉండేదా?"

ముప్పై ఏళ్లు పిల్లలని ప్రశ్నలడిగిన మనిషి, ఒక్కసారి తనే ప్రశ్నకి చిక్కుకుంది. "చూడలేదు" అంది.

"ఉండదు మేడమ్. టీవీ పడుకున్నప్పుడే ఆ లైటు వెలుగుతుంది. లేవగానే ఆరిపోతుంది. మీరు నొక్కితే ఆరింది కదా, అంటే లేచింది. బోర్డు కాలిపోతే మీ మాట విని లేవదు."

నాలుగేళ్లు చదివిన నేను కూడా ఆ లైటు ఆరగానే 'అయ్యో పోయింది' అనే అనుకున్నాను. ఒప్పుకోవాలి కదా.

"లేస్తే మరి బొమ్మేది?" అన్నాడు సెక్రటరీ.

"కర్టెన్లు వేసెయ్యండి సార్. మేడమ్, మీ ఫోన్లో టార్చి వేసి తెరకి బాగా దగ్గరగా, పక్క నుంచి ఏటవాలుగా పట్టుకోండి. టీవీ ఆన్‌లో పెట్టి."

సెక్రటరీ విసుక్కుంటూనే కర్టెన్లు లాగాడు. మేడమ్ టార్చి పట్టుకుంది. ముందు ఏమీ కనపడలేదు. "ఇంకొంచెం కిందికి" అన్నాడు మావయ్య. ఆవిడ తెరకి ముఖం ఆనించినంత దగ్గరగా వంగింది.

"ఎవరో ఉన్నారు" అంది నెమ్మదిగా. "మనిషి. కోటు వేసుకున్నాడు. నోరు కదుపుతున్నాడు."

నేనూ వంగి చూశాను. నల్లటి నీళ్ల అడుగున ఉన్నట్టు, మసకగా, ఒకాయన వార్తలు చదువుతున్నాడు.

"బోర్డు పోలేదు మేడమ్. బొమ్మ వస్తోంది. దాని వెనకాల వెలగాల్సిన లైటు పట్టీలు పోయాయి. మీ టీవీలో వెలుతురు ఎప్పుడూ పూర్తిగా పెంచే ఉంటుంది కదా, సార్‌కి చూపు ఆనదని. ఆరేళ్లు అలా మండితే ఆ పట్టీలు అరిగిపోతాయి. ఎవరి తప్పూ కాదు. అవి మారిస్తే టీవీ మళ్లీ మామూలే."

అమ్మ నా భుజం గట్టిగా నొక్కింది. కానీ సెక్రటరీ అంత తేలిగ్గా వదిలే రకం కాదు.

"సరే, బొమ్మ సంగతి అది. మరి సౌండ్? వార్తలు చదువుతుంటే గొంతు రావాలి కదా. రావట్లేదు. స్పీకర్ మార్చింది ఎవరు? నువ్వే కదా?"

నిన్నటి నుంచీ మావయ్యని తొలిచేస్తున్నది అదే. వెనక కట్టుకున్న చేతులు ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి. "అదే... అది నాకూ అర్థం కావట్లేదు సార్" అన్నాడు. అబద్ధమాడటం రాదు ఆయనకి, అలాంటి సమయంలో కూడా.

"అద్గదీ" అన్నాడు సెక్రటరీ. "పదండి మేడమ్, టైమైంది."

అప్పుడు పడక్కుర్చీలోంచి పెద్దాయన, ఎవరితోనూ కాదు, ఊరికే తనలో తను అనుకున్నట్టు, "రేపు కూడా వర్షమేనట" అన్నారు.

ఎవరమూ పట్టించుకోలేదు. మావయ్య మాత్రం గిరుక్కున తిరిగాడు. పెద్దాయన మెడ చుట్టూ నల్లటి పట్టీ ఒకటి ఉంది. దాని రెండు కొసలూ చెవుల్లో ఉన్నాయి.

"మేడమ్, సార్ మెడలో ఉన్నది ఎప్పుడు కొన్నారు?"

"ఇదా? నువ్వు స్పీకర్ మార్చి వెళ్లాక మా అమ్మాయి తెచ్చింది. ఆ కొత్త స్పీకర్ కూడా చింపేస్తారని. అది పెట్టుకుంటే ఆయన ఒక్కరికే వినపడుతుంది. ఇప్పుడు టీవీయే లేదు, ఊరికే మెడలో వేసుకు తిరుగుతున్నారు."

మేడమ్ వెళ్లి ఆయన చెవిలోంచి ఒక కొస లాగింది.

"వర్షమని ఎవరు చెప్పారండీ?"

"వార్తల్లో చెప్పాడు."

"ఏ వార్తల్లో?"

"టీవీలో" అన్నారాయన, ఇదేం ప్రశ్న అన్నట్టు. "నాలుగు రోజుల్నుంచీ వింటూనే ఉన్నాగా."

"మరి నాతో ఒక్క ముక్క చెప్పొద్దా?"

"చెప్పేదేముంది? తెర వంక చూడొద్దని డాక్టరు చెప్పాడు కదా. బొమ్మ నువ్వే ఆపించావనుకున్నా. పోనీలే, ఇన్నేళ్లకి నా కళ్ల మీద నీకు జాలి కలిగిందే అనుకున్నా."

మేడమ్ ఆ కొసని తన చెవిలో పెట్టుకుంది. రెండు క్షణాలు విని, తీసి, ఆయన చేతిలో పెట్టింది. మావయ్య ఆ పట్టీ మీద బటన్ చూపించి ఆపమన్నాడు. ఆపగానే టీవీలోంచి వార్తలాయన గొంతు ఇల్లు అదిరిపోయేలా వచ్చింది. మావయ్య మార్చిన స్పీకరే. చిన్న గరగర కూడా లేదు.

నాలుగు రోజులుగా మాట్లాడుతున్న టీవీని చచ్చిపోయిందన్నారు. ఆ ఇంట్లో వింటున్న మనిషి ఉన్నాడు, అతన్ని అడగాలని ఎవరికీ తోచలేదు. యూనిఫాం కుర్రాడికి తోచలేదు, లావు అక్షరాలు కొట్టించినవాళ్లకీ తోచలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు రక్తం ఉడుకుతుంది.

సెక్రటరీ కర్టెన్లు తీశాడు, మెల్లగా, చేతికి ఏదో ఒక పని ఉండాలన్నట్టు. "సరేలేండి. అనుకోకుండా జరిగింది. ఆ కాగితం తీయించేస్తా. తీర్మానం కూడా వద్దు. దీన్ని ఇక్కడితో వదిలేద్దాం" అన్నాడు.

మావయ్య తలూపి సరే అంటాడనే అనుకున్నాను. ఇరవై ఆరేళ్లుగా అన్నింటికీ సరే అన్న మనిషి.

"కాగితం తీసేస్తే చాలదు సార్" అన్నాడు.

"మరేం కావాలి?"

"నిన్నటి నుంచీ లిఫ్టు ఎక్కిన వాళ్లందరూ చదివారు. వాళ్ల బుర్రలోంచి మీరు తీయలేరు కదా. ఇంకో కాగితం కావాలి. అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో."

"రాస్తాలే. 'సాంకేతిక కారణాల వల్ల' అని..."

"మీరు రాయకండి" అంది హెడ్‌మేడమ్. బల్ల సొరుగులోంచి తెల్ల కాగితం, మార్కర్ తీసింది. నిలబడే రాసింది. 304 టీవీ విషయంలో పొరపాటు జరిగిందనీ, మెకానిక్ నిర్లక్ష్యం ఏమీ లేదనీ. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మావయ్యకి అందించింది. ఆయన పెదవులు కదుపుతూ చదివాడు.

"ఎవరి పొరపాటో రాయలేదు మేడమ్."

మేడమ్ ఆయన వంక చూసింది. కోపమనుకున్నాను. కాదు. కాగితం వెనక్కి తీసుకుని, చించి, రెండోది మొదలుపెట్టింది. ఈసారి కూర్చుని రాసింది. పొరపాటు తనదీ, కంపెనీ మనిషిదీ, విచారించకుండా కాగితం అంటించిన సెక్రటరీదీ అని, ముగ్గురినీ వరసగా. కింద సంతకం పెట్టి, సెక్రటరీ వైపు జరిపింది.

"నేనెందుకండీ" అని ఆయన నీళ్లు నమిలాడు.

"దాని కింద పెట్టారుగా, దీని కింద కూడా పెట్టండి" అంది మేడమ్.

పెట్టాడు. చివరి అక్షరం మీద మార్కర్ ఆగిపోయి చిన్న మరక పడింది.

మావయ్య టీవీ వెనక ఉన్న మోడల్ అంకెలు రాసుకుని, లైటు పట్టీలు మంగళవారానికి తెప్పిస్తానని చెప్పి, నీళ్లు అడిగి తాగి వెళ్లిపోయాడు. అమ్మ మాత్రం కదల్లేదు.

"ఆ నాలుగు బిల్డింగ్‌ల గ్రూపులో కూడా పెట్టండి" అంది సెక్రటరీతో.

"అక్కడివాళ్లు ఈపాటికి మర్చిపోయి ఉంటారమ్మా."

"మర్చిపోతే మళ్లీ గుర్తుచేద్దాం."

ఆయన ఫోటో తీశాడు. వెలుతురు సరిగ్గా లేదన్నాడు. మళ్లీ తీశాడు. నెట్ రావట్లేదన్నాడు. మేడమ్ తన ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఒక్కో అక్షరమే డిక్టేషన్ చెప్పింది. కళ్లజోడు తెచ్చుకోలేదన్నాడు. నేను నాది ఇచ్చాను. నిన్న ఆ పాత కాగితం పంపడానికి ఆయనకి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు గానీ, ఇది పంపడానికి మాత్రం పదకొండు నిమిషాలు పట్టింది. పంపాక కూడా అమ్మ కదల్లేదు. మూడు గేట్ల సెక్రటరీలూ చూసినట్టు గుర్తు పడేదాకా ఆయన భుజం మీదుగా ఆ ఫోన్లోకి చూస్తూనే నిలబడింది.